తలకిందుల సలహాలు: ఒకేలాంటి తూటాల మధ్య తేల్చుకోలేనివారికి

అమెరికాలో తుపాకుల దుకాణానికి వెళ్తే కౌంటరు అవతలి మనిషి చెప్పే క్రమం ఒకటుంది. ముందు రైఫిల్ చూడండి, చేతికి నచ్చింది తీసుకోండి, వేగం ఎక్కువున్న తూటా ఎంచుకోండి, వేటకూ టార్గెట్‌కూ అదే వాడుకోండి, తూటాలదేముంది, ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. నేను చెప్పేదంతా దీనికి ఎదురు. డాలస్‌లోనో కొలంబస్‌లోనో స్థిరపడి, కొత్తగా వేట లైసెన్సు తీసుకుని, “.308 కొననా, 6.5 క్రీడ్‌మూర్ కొననా, .243 చాలదా?” అని అడిగే మన పిల్లలకు నేను చెప్పే మాటలివే. వినగానే తప్పుగా తోచినా సరే, చివరిదాకా వినమని అడుగుతాను.

ఈ ప్రశ్న మన ఊళ్ళలో పుట్టేది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర వేట దాదాపు ముగిసింది. సైన్యం వాడే క్యాలిబర్లు మామూలు లైసెన్సుదారుకు దొరకవు కాబట్టి, పొలం కాపలాకని లైసెన్సు ఉన్న పెద్దల ఇళ్ళలో కనిపించే రైఫిల్ తరచుగా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వారి .315. అది తప్ప ఇంకొకటి చూడనివాడు, గోడ నిండా రంగురంగుల డబ్బాలున్న దుకాణంలో అడుగుపెట్టి తబ్బిబ్బవడం సహజం. ఆ తబ్బిబ్బులోనే పెద్ద అంకె ఉన్న డబ్బా మీద చెయ్యి పడుతుంది.

మొదటి మాట: రైఫిల్ కన్నా ముందు తూటాలు కొనండి. మీరుండే చోట ఒక దుకాణం, వేటకు వెళ్ళే చోట ఒక దుకాణం చూసి రండి. మీ మనసులో ఉన్న తూటాలో వేటకు పనికొచ్చే డబ్బా, సాధనకు పనికొచ్చే చౌక డబ్బా రెండూ అరలో ఉన్నాయా? ఒక్కసారి కాదు, నెల తర్వాత వెళ్ళినా ఉన్నాయా? ఉంటే ఏడాదికి సరిపడా కొనేసి, అప్పుడు రైఫిల్ వెతకండి. 2020లో కరోనా వేళ ఆ దేశమంతా తూటాలకు కరువొచ్చింది. ఎంతో ముచ్చటపడి కొన్న రైఫిళ్ళు పెట్టెల్లో పడుకున్నాయి. తయారీదారు కట్టే 11 శాతం ఎక్సైజు పన్ను 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వన్యప్రాణుల రక్షణకే పోతుంది కాబట్టి, సాధనకని డబ్బాలు ఎక్కువ కొన్నందుకు నొచ్చుకోనక్కర్లేదు కూడా.

అరలో ఉండడం అంత ముఖ్యమా అంటే, రెండు జంటల కథ చెప్పాలి. ఈ విషయంలో నాకు ఇంతకన్నా పెద్ద పాఠం కనబడలేదు.

1955లో విన్‌చెస్టర్ వారు .243ని, రెమింగ్టన్ వారు .244ని తెచ్చారు. రెండింటి బుల్లెట్టూ ఒకే వ్యాసం. .244 కేసు, అంటే తుపాకిమందు పట్టే గొట్టం, కొంచెం పెద్దది, మందు కొంచెం ఎక్కువ పడుతుంది, వేగం కూడా కొంచెం ఎక్కువే. కాగితం మీద అదే గెలవాలి. కానీ రెమింగ్టన్ వారు దాన్ని చిన్న జంతువుల మీద దూరాన పేల్చే తూటాగా తలచి, బ్యారెల్ లోపలి రైఫ్లింగ్‌ను 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేలా కోశారు. ఆ మెలిక 90 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ దాకా నిలకడగా తిప్పుతుంది. విన్‌చెస్టర్ వారు 10 అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు. అది 100 గ్రెయిన్ల బుల్లెట్‌ను కూడా తిప్పుతుంది. జింక వేటగాడికి 100 గ్రెయిన్లే కావాలి. అంతే, ఒకే రైఫిల్‌తో రెండు పనులూ చేయాలనుకున్న జనం .243 వైపు వెళ్ళిపోయారు. 1963లో రెమింగ్టన్ వారు మెలికను 9 అంగుళాలకు మార్చి, పేరు కూడా 6 ఎంఎం రెమింగ్టన్ అని మార్చి మళ్ళీ తెచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఇప్పటికీ .243 ఊరూరా దొరుకుతుంది, రెండోదాన్ని వెతుక్కోవాలి.

రెండో జంట మనకు దగ్గరి కాలానిది. .308 కేసు మూతిని 6.5 మిల్లీమీటర్లకు నొక్కి, 1997లో రెమింగ్టన్ వారు .260ని తెచ్చారు. మంచి తూటా. పదేళ్ళకు, 2007లో, హార్నడీ వారు 6.5 క్రీడ్‌మూర్‌ను ప్రకటించారు. బుల్లెట్ వ్యాసం అదే. అదే బరువు బుల్లెట్‌తో .260యే కాస్త ముందుంటుంది, సెకనుకు ఏ 50 అడుగులో. మరి క్రీడ్‌మూర్ ఎందుకు గెలిచింది? దాని కేసు పొట్టిది. .260 కేసు 51.7 మిల్లీమీటర్లు, దీనిది 48.8. పొట్టి యాక్షన్ రైఫిల్ మ్యాగజీన్‌లో పట్టేది సుమారు 2.8 అంగుళాల తూటా. కేసు పొట్టిదైతే, సన్నగా పొడుగ్గా ఉండే 140 గ్రెయిన్ల బుల్లెట్‌ను మందులోకి లోతుగా గుచ్చకుండా అమర్చవచ్చు. దానికి తోడు క్రీడ్‌మూర్ రైఫిళ్ళు దాదాపు అన్నీ మొదటినుంచీ 8 అంగుళాల మెలికతోనే వచ్చాయి, .260 రైఫిళ్ళలో తొలినాళ్ళవి చాలా 9తో వచ్చాయి. ఈ తూటాను తలపెట్టిన హార్నడీ నిపుణుడు డేవ్ ఎమరీ, పోటీ షూటర్ డెనిస్ డిమిల్ కోరుకున్నది వేగం కాదు. ఇంట్లో తూటాలు కట్టుకునే తీరిక లేనివాడు కూడా దుకాణంలో డబ్బా కొని, నేరుగా పోటీకి వెళ్ళగలగాలి. పేరు కూడా 1873లో న్యూయార్క్ దగ్గర మొదలైన క్రీడ్‌మూర్ షూటింగ్ రేంజ్‌ది.

కాబట్టి రెండో మాట: రెండు తూటాలు దగ్గరగా ఉన్నప్పుడు, వేగంలో వెనకబడినదాన్ని ముందు చూడండి. వేగం పట్టిక మీద వేలు పెట్టి పక్కకు జరపండి. చూడవలసినవి బ్యారెల్ మెలిక ఎంత, మ్యాగజీన్‌లో పట్టే పొడవెంత, డబ్బా దొరుకుతుందా. 140 గ్రెయిన్ల క్రీడ్‌మూర్ బుల్లెట్, 168 గ్రెయిన్ల .308 బుల్లెట్ పక్కపక్కన పేలిస్తే, గంటకు 10 మైళ్ళ అడ్డుగాలిలో 200 గజాల దగ్గర వాటి మధ్య తేడా అంగుళం అటూఇటూ. జింక ఛాతీలో ప్రాణం పోయే చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. తెల్లతోక జింకను కొట్టేది చాలామటుకు ఆ 200 గజాల లోపే. అదే 1000 గజాల ఇనుప పలక మీదైతే క్రీడ్‌మూర్ మేలు స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే అంతదూరం వెళ్ళేలోగా ఆ .308 బుల్లెట్ ధ్వనివేగం దగ్గరికి జారి తడబడుతుంది. మీరు 1000 గజాలు పేల్చేవారా? మీ ఊరి రేంజ్ 300 గజాలకే ముగిసిపోతే ఆ మేలుకు డబ్బు కట్టకండి.

మూడో మాట చెప్పేటప్పుడు నాకు గొంతు కాస్త పెరుగుతుంది. తూటా పేరు మర్చిపోయి, దాని మూతిలో కూర్చున్న బుల్లెట్ ఏదో చూడండి. “టార్గెట్‌కు ఇంత బాగా తగులుతోంది కదా, జింక మీదా ఇదే పేలుస్తాను” అని మ్యాచ్ బుల్లెట్లతో అడవికి వెళ్ళేవాళ్ళున్నారు. దయచేసి అది చేయకండి. మ్యాచ్ బుల్లెట్ కాగితానికి నిఖార్సైన చిల్లు పెట్టడానికి చేసినది. లోపలికి వెళ్ళాక ఒకసారి తునాతునకలవుతుంది, ఒకసారి సూదిలా దూసుకుపోతుంది. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం. సియెర్రా వారు తమ మ్యాచ్‌కింగ్ బుల్లెట్లను వేటకు సిఫారసు చేయమని తామే చెబుతారు. హార్నడీ డబ్బాల మీద ఈఎల్‌డీ మ్యాచ్ అని ఒకటి, ఈఎల్‌డీ-ఎక్స్ అని ఒకటి ఉంటాయి. బరువు ఇంచుమించు ఒకటే, రూపం ఒకటే, పని వేరు. రెండోదే వేటకు. తప్పు బుల్లెట్ తగిలిన జంతువు పడదు, పొదల్లోకి పరిగెత్తి గంటలకొద్దీ చస్తుంది. ఆ బాధకు కారణం .308ఆ క్రీడ్‌మూరా అనే ఎంపిక కాదు, కౌంటర్ దగ్గర డబ్బా మీద రెండో వరుస చదవకపోవడం.

ఇది ఈనాటి సంగతి కాదు. జాన్ నోస్లర్ 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు మూస్ వేటకు వెళ్ళాడు. చేతిలో .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నం, అప్పటికి మహా శక్తిగలది. బురద గట్టిపడిన మూస్ భుజం మీద ఆ బుల్లెట్లు పైపైనే చితికిపోయి లోపలికి దిగలేదు. ఆయన తూటా మార్చలేదు, ఇంటికి వచ్చి బుల్లెట్‌నే మార్చాడు. మధ్యలో రాగి గోడ పెట్టి, ముందు సగం విచ్చుకునేలా, వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దిగేలా చేశాడు. ఇప్పటికీ అమ్ముడవుతున్న నోస్లర్ పార్టిషన్ అదే. మూడు వందల డాలర్ల తేడాతో పెద్ద మాగ్నం రైఫిల్ కొందామని తహతహలాడే వాళ్ళు, ముందు ఆ డబ్బులో కొంత మంచి వేట బుల్లెట్ల మీద పెట్టడం మేలు.

కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ 2019 జులై 1 నుంచి ఏ వేటకూ సీసం బుల్లెట్లు వాడకూడదు. చచ్చిన జంతువుల మాంసంలో మిగిలే సీసం తిని కాండర్ రాబందులు చనిపోతుండడం దీని వెనకున్న పెద్ద కారణం. ఆ నియమం నాకు సమ్మతమే. అయితే సీసం కన్నా రాగి తేలిక, కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్ పొడుగవుతుంది. పొడుగైన కొద్దీ దాన్ని నిలకడగా తిప్పడానికి మెలిక బిగువుగా ఉండాలి. అందుకే 6.5లో సీసం 140 పేల్చేవారు రాగిలో 120, 127 గ్రెయిన్ల వైపు దిగుతారు. శాక్రమెంటోలో ఉంటూ పాత .260నో పాత .243నో సెకండ్ హ్యాండ్‌లో కొనబోతే, బ్యారెల్ మెలిక కనుక్కోకుండా డబ్బివ్వకండి.

నాలుగోది: కాస్త తక్కువ శక్తి ఉన్నదే కొనండి. “జింకకు ఇది చాలదేమో” అనే భయంతో పెద్దదానికి వెళ్ళినవాడు ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూస్తాడు. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో వెనక్కి తన్నే శక్తి అడుగు-పౌండ్లలో చూస్తే, .300 విన్‌చెస్టర్ మాగ్నం 25 చుట్టూ ఉంటుంది, .308 16, 17 దగ్గర, క్రీడ్‌మూర్ 12 దగ్గర, .243 తొమ్మిది. పేల్చే మనిషి జంకితే అంగుళాలు కాదు, అడుగులే తేడా వస్తుంది. భుజానికి నొప్పి పెట్టని తూటాతో సరైన బుల్లెట్‌ను సరైన చోట పెట్టినవాడే జంతువును బాధ లేకుండా పడగొడతాడు. 1980లో వచ్చిన 7 ఎంఎం-08 ఇందుకు చక్కటి ఉదాహరణ. ఇదీ .308 కేసులోంచి పుట్టిందే, దానికన్నా మృదువుగా తంతుంది, జింకకు ఏ లోటూ చేయదు. ఎవరూ గొప్పగా చెప్పుకోరు గనుక మన కంటపడదు.

ఇక అయిదోది, అందరూ నవ్వే సలహా. వేట రైఫిల్‌తో వందలకొద్దీ పేల్చి సాధన చేయకండి. వేటకూ టార్గెట్‌కూ ఒకే రైఫిల్ అనే ఆశ వదిలేయండి. ఒకేలా కనిపించే తూటాలు నిజంగా విడిపోయేది ఇక్కడే, బ్యారెల్ ఎంతకాలం ఉంటుందన్న దగ్గర.

.308నీ .243నీ చూడండి. కేసు దాదాపు ఒకటే, మందు కూడా ఇంచుమించు అంతే. కానీ .243 బ్యారెల్ రంధ్రం వైశాల్యం .308 దానిలో 62 శాతమే. అంత మంటా అంత చిన్న గొంతులోంచి పోవాలి. ఛేంబర్ ముందు రైఫ్లింగ్ మొదలయ్యే చోట ఉక్కు ఆ వేడికి నెర్రెలిచ్చి, పొరలు పొరలుగా కొట్టుకుపోతుంది. గురి చెదరడం మొదలవుతుంది. పోటీ షూటర్ల లెక్కలో .308 బ్యారెల్ 5000 తూటాలు, ఆపైన కూడా నడుస్తుంది. క్రీడ్‌మూర్ 2000 నుంచి 3000. .243 అయితే 1500, 2000 మధ్య. పది తూటాలు గబగబా పేల్చి, చల్లారనీయకుండా మళ్ళీ పేలిస్తే ఇంకా తొందరగా పోతుంది. ప్రెయిరీ డాగుల మీద ఒక్కరోజులో వందలు పేల్చే వాళ్ళు .22-250కి బదులు .223 ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇదే. అక్కడ ఒకే వ్యాసానికి మందు బాగా తక్కువ.

ఇప్పుడు ఏడాదికి నలభై తూటాలు పేల్చే వేటగాడి సంగతి చూడండి. .243 బ్యారెల్ అతనికి నలభై ఏళ్ళు వస్తుంది. “అయ్యో, .243 బ్యారెల్ తొందరగా పోతుందట” అని అతను భయపడి మానేయడం ఎంత పొరపాటో, శనివారానికి రెండొందలు పేల్చే మనిషి అదే .243 కొనడం అంతే పొరపాటు. అతనికి మూడు నెలల్లో అయిపోతుంది. పైగా బ్యారెల్ ఖర్చు అసలు ఖర్చే కాదు. తూటా డాలరున్నర అనుకుంటే 2500 తూటాలకు 3750 డాలర్లు, అందులో చిన్న వాటాతో కొత్త బ్యారెల్ వస్తుంది. జేబు ఖాళీ చేసేది తూటాలే.

అందుకే, ఎక్కువ పేల్చాలనుకునేవారు .22 లాంగ్ రైఫిల్ కొనండి. చిన్నపిల్లల తుపాకి అంటారు, అననివ్వండి. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ దానితోనే జరుగుతుంది, అక్కడ పదో వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. లండన్‌లో 2012లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్, ఈ 50 మీటర్ల పోటీల్లోనూ పేల్చినవాడే. గాలిని చదవడం నేర్పడంలో .22ను మించినది లేదు. 100 గజాల దగ్గర దాన్ని గాలి నెట్టేది, 200 గజాల దగ్గర .308ను నెట్టేదానికి తక్కువేం కాదు. ధర దాదాపు పదోవంతు. చప్పుడు తక్కువ, తన్ను లేదు, బ్యారెల్ అరుగుతుందన్న దిగులు లేదు. వేట రైఫిల్‌ను ఏడాదికి రెండు మూడుసార్లు తీయండి. అప్పుడు బెంచీ మీద పెట్టి కాదు, మోకాలి మీద, చెట్టుకు ఆనుకుని, అడవిలో ఎలా పేలుస్తారో అలా పేల్చండి. చల్లటి బ్యారెల్‌లోంచి వెళ్ళే మొదటి తూటా ఎక్కడ తగిలిందో రాసుకోండి. వేటలో లెక్కకు వచ్చేది అదొక్కటే.

ఆరోది, ఇది ప్రాణాలకు సంబంధించినది: ఒకేలాంటి రెండు తూటాల మధ్య తేల్చుకోలేక రెండూ కొనేయకండి. ముఖ్యంగా .223, 300 బ్లాకౌట్ ఒకే ఇంట్లో వద్దు. 300 బ్లాకౌట్ అంటే .223 కేసునే కత్తిరించి .308 వ్యాసం బుల్లెట్ పెట్టినది. రెండూ ఒకే మ్యాగజీన్‌లో పడతాయి. తప్పు మ్యాగజీన్ .223 రైఫిల్‌కు తగిలిస్తే బోల్టు మూసుకుపోవచ్చు. ట్రిగ్గర్ నొక్కితే పెద్ద బుల్లెట్ చిన్న రంధ్రంలో ఇరుక్కుని రైఫిల్ ముఖం ముందే పగిలిపోతుంది. 5.56 మిలిటరీ తూటాను .223 అని మాత్రమే రాసిన బ్యారెల్‌లో పేల్చకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. బయటి కొలతలు ఒకటే అయినా ఛేంబర్ గొంతు పొట్టిది కావడంతో ఒత్తిడి హద్దు దాటవచ్చు. బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో అదే పేల్చండి.

ఇంకొకటి ఉంది, నిజానికి ఇదే మొదట చెప్పవలసింది: బాలిస్టిక్స్ పట్టిక కన్నా ముందు మీ రాష్ట్రం వేట నియమాల పుస్తకం చదవండి. ఒహాయోలో జింక వేటకు .308 మంచిదా క్రీడ్‌మూర్ మంచిదా అని వాదించుకుంటే ఫలితం లేదు, అక్కడ రైఫిళ్ళలో 2014 నుంచి అనుమతి ఉన్నది నిటారు గోడల కేసున్న తూటాలకే. అక్కడి ప్రశ్న .350 లెజెండా, .450 బుష్‌మాస్టరా అన్నది. కొలరాడోలో జింకకు కనీసం .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్ ఉండాలి, ఎల్క్‌కు 85 గ్రెయిన్లు. టెక్సస్‌లో .223తో జింకను కొట్టవచ్చు, కొలరాడోలో కుదరదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ పూర్తి చేయాలి.

హెచ్-1బి మీద ఉన్న పిల్లలు ఈ పేరా రెండుసార్లు చదవాలి. వలసేతర వీసా మీద వచ్చినవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. ఉన్న మినహాయింపుల్లో మనవాళ్ళకు ఉపయోగపడేది, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉండడం. టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద, యజమాని ఒప్పుకుంటే, అడవిపందుల వేటకు 2019 సెప్టెంబరు నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఆ మాట విని లైసెన్సు లేకుండా వెళ్ళకండి. పందికి అక్కర్లేకపోయినా మీ వీసాకు కావాలి. గడువు తేదీ చూసుకోండి, వకీలును ఒకసారి అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

“ఇవన్నీ సరే, నేను ఒక్కటే కొనగలను, వేటకూ పలకలకూ అదే కావాలి” అంటే నా జవాబు ఇది. నెలకు యాభై లోపు పేల్చి 300 గజాలు దాటనివారికి .308, మామూలు బరువు బ్యారెల్‌తో. తన్ను భుజానికి పడకపోతే, లేదా మీ రేంజ్ 600 గజాల పైకి ఉంటే, 6.5 క్రీడ్‌మూర్. రెండింట్లో ఏది కొన్నా వేటకు ఒక డబ్బా, సాధనకు వేరే డబ్బా ఉంచుకుని, రెండూ ఎక్కడ తగులుతున్నాయో విడివిడిగా స్కోపులో సరిచూసుకోండి. ఒకదానికి సరిచేసిన గురి రెండోదానికి సరిపోదు. పేల్చిన లెక్క చిన్న పుస్తకంలో రాయండి. బ్యారెల్ అరిగిపోయిన రోజున కొత్త తూటా వైపు చూడకుండా, అదే తూటాకు, అదే మెలికతో ఇంకో బ్యారెల్ వేయించుకోండి.